విశాఖ పాముల బొమ్మలు ఎవరివి?

1796లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల ఆదేశంతో లండన్‌లో ఒక భారీ గ్రంథం అచ్చయింది. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల వర్ణన అది. అందులో 46 ప్లేట్లున్నాయి. రాసినవాడు పాట్రిక్ రస్సెల్. అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేసిన ఈ స్కాట్లండు డాక్టరు, తమ్ముడు క్లాడ్ కంపెనీ ఉద్యోగిగా ఉన్న విశాఖపట్నానికి 1780లలో వచ్చాడు. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోగా, కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి పదవి రస్సెల్‌కు దక్కింది. భారతదేశపు సర్పశాస్త్రానికి ఆయనను ఆద్యుడిగా చెప్పుకోవడం మామూలే. ఆ మాటను నేను కాదనను. కానీ ఆ ప్లేట్లను ఒక్క రస్సెల్ ఘనతగా చూస్తే సగమే చూసినట్టు. అవి తెలుగు నేల మీద పాములను ఎరిగినవారి జ్ఞానానికి కూడా దస్తావేజులు, మన చరిత్రలో వాటికి చోటుండాలి.

ఆ రోజుల్లో బొమ్మకు ఉన్న విలువ ఏమిటో ముందు చూడాలి. పామును సారాయిలో ఉంచితే ఒళ్ళు చెడదు గాని రంగు పోతుంది. తోలు ఒలిచి ఎండబెడితే మచ్చలు మసకబారతాయి. లండన్‌లో కూర్చున్నవాడికి పాము అసలు రంగు చేరాలంటే దొరికిన చోట, దొరికిన కొద్దిసేపట్లో వేసిన బొమ్మే దిక్కు. అందుకే ఆ ప్లేట్లు అలంకారాలు కాలేదు, సాక్ష్యాలయ్యాయి. జర్మన్ పండితుడు ష్నైడర్ 1801లో కట్లపాముకు శాస్త్రీయ నామం పెట్టింది రస్సెల్ మొదటి ప్లేటును ఆధారం చేసుకునే. ఒక జాతి పేరుకు ఆధారం సీసాలోని పాము కాదు, కాగితం మీది బొమ్మ! కట్లపాముల ప్రజాతికి 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ పెట్టిన ‘బంగారస్’ అనే పేరు, రస్సెల్ రాసుకున్న ‘బంగారు పాము’ నుంచి వచ్చింది. ఇప్పుడు రస్సెల్ పేరుతో ప్రపంచమంతా పిలిచే రక్తపింజరి ఏడో ప్లేటులో ఉంది. అక్కడ దాని పేరు ‘కాటుక రేకుల పొడ’. పొడ అంటే మచ్చ. నల్లటి అంచు గీసినట్టుండే ఆ మచ్చల వరసను ఎంతో దగ్గరగా, ఎన్నోసార్లు గమనించినవాళ్ళు పెట్టిన పేరది. జెర్రిపోతు, పసరిక పాము, పెద్ద పొడ వంటి పేర్లు కూడా ఇంగ్లీషు లిపిలోకి వంకర తిరిగినా మన చెవికి ఇట్టే అందుతాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. పేర్లు చెప్పినంత మాత్రాన శాస్త్రం కాదు. పొట్ట కింది పొలుసులనూ తోక కింది పొలుసులనూ లెక్కపెట్టి, కోరలు పరీక్షించి, విషపు పామేదో కానిదేదో తేల్చింది రస్సెలే గదా అంటారు. నిజమే. నాగుపాముకు జనం చెప్పిన రకరకాల పేర్లన్నీ ఒకే జాతివని పోల్చిచూసి నిర్ణయించింది ఆయనే. కోళ్ళనూ కుక్కలనూ కాటు వేయించి విషబలం చూశాడు. ఆ మూగజీవాల బాధను తక్కువ చేసి చెప్పలేం, అయితే జనం భయాలు కొన్ని ఉత్తివని తేలింది ఆ పరీక్షలతోనే. నా వాదన రస్సెల్ పనిని చిన్నది చేయడానికి కాదు. పొలుసులు లెక్కపెట్టాలంటే ముందు పాము చేతికి రావాలి. అది ఏ గట్టున తిరిగేదో, దేనికి భయపడాలో తెలిసినవాళ్ళే దాన్ని తేగలరు. ఆయన లెక్క మొదలయ్యే సరికే వాళ్ళు ఒక వింగడింపు చేసి ఉంచారు.

మరొకటి కూడా అంటారు: రాగిరేకుల మీద చెక్కింది లండన్‌లో, ముఖపత్రం మీద ఉన్నది రస్సెల్ పేరు, ఇందులో మనవాళ్ళ చెయ్యి ఎక్కడుందని. ముఖపత్రమే చరిత్రకు కొలమానమైతే, కంపెనీ కాలంలో పనిచేసిన భారతీయ చిత్రకారుల్లో చాలామంది లేనివాళ్ళే అవుతారు. బ్రిటిష్ వైద్యుడు ఫేరర్ 1872లో భారతదేశపు విషసర్పాల మీద పుస్తకం వేసే నాటికి కలకత్తా ఆర్ట్ స్కూలుకు చెందిన అన్నదా ప్రసాద్ బాగ్చీ వంటివారు పేరుతో గుర్తింపు పొందారు. అంతకు ముందరి తరానికి ఆ భాగ్యం లేదు. పేరు నిలవని పనికి విలువ లేదనడం అన్యాయం.

1803లో వచ్చిన రస్సెల్ మరో పుస్తకం విశాఖలో సేకరించిన 200 చేపలది, ఈ పుస్తకాల్లో తెలుగువారి జ్ఞానమూ ఉందన్న నా మాటకు మరింత బలం అదే. కానాగంత చేపను ఆయన ‘కనగుర్త’ అని రాస్తే, 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ మాటనే శాస్త్రీయ నామంలో చేర్చాడు. నేటికీ ఏ దేశంలో ఆ చేప మీద పరిశోధన రాసినా ఆ తెలుగు మాట రాయక తప్పదు.

ఈ ప్లేట్లకు కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, అచ్చు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా పేర్లను తెలుగు లిపిలో సరిచూసి, వివరణలతో ముద్రించే బాధ్యతను మన విశ్వవిద్యాలయాలు తీసుకోవాలి. విశాఖ జాలరిపేటలోనూ, పాములు పట్టే కుటుంబాల్లోనూ ఆ పేర్లు పలికే పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.