పత్తి ఒప్పందంలో సగపాలు రైతు స్థానం: పాయిన్‌సెట్ కౌంటీ (1933–1938)

వ్యవసాయానికి ప్రభుత్వమిచ్చే ధనసహాయం విషయంలో ఎంత ఇచ్చారన్నదానికన్న ఎవరి పేరిట ఇచ్చారన్నది నిర్ణాయకమైన సందర్భాలున్నాయి. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం, పాయిన్‌సెట్ కౌంటీ పత్తి సేద్యం అందుకు నిదర్శనం.

1932 నాటికి పత్తి ధర పౌనుకు 6, 7 సెంట్లకు పడిపోయింది. 1933 మే 12న వచ్చిన వ్యవసాయ సర్దుబాటు చట్టం, సాగు తగ్గించినవారికి డబ్బు చెల్లించే ఏర్పాటు చేసింది. ఆ వేసవిలోనే దేశంలో సుమారు కోటి ఎకరాల పత్తిచేలను పైరు మీద ఉండగానే దున్నివేశారు.

1934–35 ఒప్పందం భూయజమానికీ ప్రభుత్వానికీ మధ్య జరిగింది. బీడు పెట్టిన నేలకు అద్దెగా, సగటు దిగుబడిని బట్టి పౌనుకు 3.5 సెంట్లు యజమానికి దక్కేవి. దానికి తోడు ఇచ్చే 1 సెంటును పంటలో వాటాను బట్టి పంచాలి. భూమి, పశువులు, పనిముట్లు అన్నీ యజమానివే అయిన చోట సగపాలుకు దున్నే కుటుంబానికి వచ్చేది అర సెంటు. అదీ చాలాచోట్ల యజమాని దుకాణంలోని అప్పు కింద జమ అయిపోయేది.

ఈ ఒప్పందంలోని 7వ నిబంధన ప్రత్యేకంగా పరిశీలించదగినది. పాలుదార్ల సంఖ్యను తగ్గించకుండా ‘వీలైనంతవరకు’ చూడాలని అది యజమానికి చెప్పింది. భారమంతా ఆ ఒక్క మాట మీదనే పడింది. సాగు తగ్గితే చేతుల అవసరమూ తగ్గుతుంది. వీలు కాలేదనడం ఎంత సులభమో వేరే చెప్పనక్కరలేదు. టైరోంజా సమీపంలోని ఒక పెద్ద కమతం నుండి ఇరవైకి పైగా కుటుంబాలను వెళ్లగొట్టారు. 1934 జులైలో అక్కడే 11 మంది తెల్లవారు, 7గురు నల్లవారు కలిసి దక్షిణాది కౌలు రైతుల సంఘాన్ని స్థాపించారు. జాతి విభజన అంత కరుడుగట్టిన సీమలో ఇది సామాన్య విషయం కాదు.

సంఘం న్యాయస్థానానికి వెళ్లింది. పాలుదార్లు ఒప్పందంలో పక్షం కారని 1935లో ఆర్కాన్సా సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, సంఖ్యను మాత్రమే కాక ఆ మనుషులనే ఉంచాలని 7వ నిబంధనకు అర్థం చెప్పిన న్యాయవిభాగాధిపతి జెరోమ్ ఫ్రాంక్, మరికొందరు ఉద్యోగాలు కోల్పోయారు.

తెలుగులో ‘రైతు’ అన్న మాట పట్టాదారుకూ కౌలుదారుకూ కూడా చెల్లుతుంది. కనుకనే పథకం పేరులో ఆ మాట ఉన్నంతమాత్రాన దున్నేవాడికి చోటు ఉన్నట్లు కాదు. తెలంగాణలో 2018 మే 10న ప్రారంభమైన రైతుబంధు సాయాన్ని పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగానే ఇచ్చారు. కౌలుదార్లు దాని వెలుపలే ఉండిపోయారు.

అమెరికాలో 1936 జనవరి 6న సుప్రీంకోర్టు పాత చట్టం చెల్లదన్నది. తరువాతి చట్టాలు, ముఖ్యంగా 1938 నాటిది, పాలుదారు వాటాను పెంచాయి. అప్పటికే యంత్రాలకు మళ్లుతున్న యజమానులకు ఇది మరొక కారణమైంది. పాలుదార్లను మాన్పించి దినకూలీలను పెట్టుకుంటే చెల్లింపులో వాటా అడిగేవారే ఉండరు.