మోర్మన్ యువ మిషనరీ వారం: సేవ, విశ్వాసాల చరిత్ర

మోర్మన్ మిషనరీ అంటే ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’ తరఫున ఇల్లు విడిచి, చదువునూ ఉద్యోగాన్నీ పక్కనపెట్టి, పూర్తికాలం సువార్త ప్రచారంలోనూ సేవలోనూ గడిపే వ్యక్తి. ఈ మిషనరీల్లో అత్యధికులు ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న యువతీయువకులు. యువకుల సేవాకాలం 24 నెలలు, యువతులది 18 నెలలు. 2024 చివరికి ప్రపంచవ్యాప్తంగా వీరి సంఖ్య 74,000 దాటింది. సంఘం ప్రధాన కేంద్రం అమెరికాలోని యూటా రాష్ట్ర రాజధాని సాల్ట్ లేక్ సిటీలో ఉంది. మోర్మన్ గ్రంథాన్ని పవిత్ర గ్రంథంగా స్వీకరించడం వల్ల సభ్యులకు మోర్మన్లన్న పేరు వచ్చింది. 2018 నుంచి మాత్రం పూర్తి పేరుతోనే పిలవాలని సంఘం కోరుతోంది.

మిషనరీ జీవితమంతా వారం లెక్కన నడుస్తుంది. ఏ రోజు బట్టలు ఉతుక్కోవాలి, ఏ రోజు ఇంటివాళ్లతో మాట్లాడాలి, ఏ గంటకు నిద్ర లేవాలి అన్నవాటికి నిర్ణీత పద్ధతి ఉంది. ఈ పద్ధతి ఏర్పడడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

తొలి మిషనరీలు

జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో ఈ సంఘాన్ని స్థాపించాడు. అదే ఏడాది జూన్‌లో అతని తమ్ముడు శామ్యూల్ స్మిత్ మోర్మన్ గ్రంథం ప్రతులను సంచిలో వేసుకుని ఊళ్ల మీదికి బయలుదేరాడు. సంఘ చరిత్ర అతన్నే తొలి మిషనరీగా గుర్తిస్తుంది. తల్లి లూసీ మాక్ స్మిత్ రాసిన వివరాల ప్రకారం మొదటి రోజు అతను పాతిక మైళ్లు నడిచాడు. పుస్తకం సంగతి చెప్పగానే సత్రం యజమాని బయటికి పంపేయడంతో ఆ రాత్రి ఆపిల్ చెట్టు కింద పడుకున్నాడు. ఆ ప్రయాణం ఫలించలేదనే అతను అనుకున్నాడు. కానీ అతను ఇచ్చి వచ్చిన ప్రతులు బ్రిగమ్ యంగ్ బంధువుల చేతికి చేరాయి. 1832లో బాప్తిస్మం పొందిన బ్రిగమ్ యంగ్ ఆ తర్వాత సంఘానికి రెండో అధ్యక్షుడయ్యాడు. 1847లో అనుచరులను సాల్ట్ లేక్ లోయకు నడిపించింది అతనే.

1837 జులైలో హీబర్ సి. కింబాల్ బృందం ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో దిగింది. అట్లాంటిక్ దాటి వెళ్లిన తొలి మోర్మన్ మిషనరీలు వీరే. ఆ నెల 30న ప్రెస్టన్ పట్టణంలో రిబుల్ నది ఒడ్డున తొలి బాప్తిస్మాలు జరిగాయి. మొదట ఎవరు నీళ్లలోకి దిగాలన్న పట్టుదలతో ఇద్దరు నదిదాకా పరుగు తీశారు. గెలిచిన జార్జ్ వాట్ బ్రిటన్‌లో బాప్తిస్మం పొందిన తొలి మోర్మన్‌గా చరిత్రకెక్కాడు. తరువాతి దశాబ్దాల్లో బ్రిటన్ నుంచి వేలమంది విశ్వాసులు ఓడల్లో అమెరికా చేరి, యూటా జనాభాకు పునాది వేశారు.

1840లలో పసిఫిక్ దీవులకు, 1850లో డెన్మార్క్‌కు, హవాయికి మిషనరీలు వెళ్లారు. వెళ్లినవారిలో చాలామంది భార్యాబిడ్డలున్న పెద్దవాళ్లు. యువకులు వెళ్లడం అప్పటికి అరుదే. తర్వాతి కాలంలో సంఘ అధ్యక్షుడైన జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1854లో హవాయికి వెళ్లేనాటికి అతనికి పదిహేనేళ్లే. చేతిలో డబ్బు లేకుండా బయలుదేరి, వెళ్లిన ఊళ్లో దొరికిన ఆతిథ్యం మీద బతకడం ఆనాటి పద్ధతి. పని వేళలకూ సెలవు రోజుకూ నియమమంటూ ఏదీ లేదు. తిండీ పడకా ఎక్కడ దొరికితే అక్కడే బోధ సాగేది.

క్రమశిక్షణ ఏర్పడిన తీరు

పంతొమ్మిదో శతాబ్దం చివరికి పరిస్థితి మారింది. మోర్మన్ స్త్రీలు బందీల్లా బతుకుతున్నారన్న ప్రచారం బ్రిటన్‌లో జోరుగా సాగుతున్నప్పుడు, ఆ స్త్రీలే వచ్చి మాట్లాడితే మేలన్న ఆలోచన బలపడింది. అలా 1898 ఏప్రిల్‌లో ఐనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ ఇంగ్లండ్‌కు వెళ్లారు. అధికారికంగా నియమితులైన తొలి అవివాహిత మహిళా మిషనరీలు వీరిద్దరే.

1925లో సాల్ట్ లేక్ సిటీలో మిషనరీ శిక్షణ గృహం మొదలైంది. 1961లో ప్రోవో పట్టణంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో విదేశీ భాషల బోధన ప్రారంభమై, 1970లలో మిషనరీ శిక్షణ కేంద్రంగా విస్తరించింది. ఇప్పుడు అక్కడ యాభైకి పైగా భాషలు నేర్పుతున్నారు. 1974లో అప్పటి అధ్యక్షుడు స్పెన్సర్ డబ్ల్యు. కింబాల్ అర్హతగల ప్రతి యువకుడూ మిషనరీగా వెళ్లాలని పిలుపునిచ్చాడు. అప్పటి నుంచి మోర్మన్ కుటుంబాల్లో కొడుకు మిషన్‌కు వెళ్లడం దాదాపు ఆనవాయితీ అయింది.

1978 జూన్ వరకు నల్లజాతి పురుషులకు ఈ సంఘంలో యాజకత్వం ఉండేది కాదు. దాంతో వారు మిషనరీలుగా వెళ్లే దారీ మూసుకుపోయింది. ఆ నిషేధం తొలగిన ఏడాదే ఘానా, నైజీరియాలకు మిషనరీలు చేరుకున్నారు. 2012 అక్టోబరులో అధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ కనీస వయసును యువకులకు 19 నుంచి 18కి, యువతులకు 21 నుంచి 19కి తగ్గించాడు. ఆ నిర్ణయంతో సుమారు 58,000గా ఉన్న మిషనరీల సంఖ్య రెండేళ్లు తిరగకముందే 80,000 దాటింది. కొత్తగా వచ్చినవారిలో యువతుల వాటా బాగా పెరిగింది.

మిషనరీలకు జీతం ఉండదు. ఖర్చు తామో తమ కుటుంబమో భరించాలి, లేదా సంఘ సభ్యులు సాయం చేయాలి. ఒక్కో దేశంలో జీవన వ్యయం ఒక్కోలా ఉండడంతో 1991 నుంచి అమెరికా, కెనడా మిషనరీలు ఎక్కడికి వెళ్లినా నెలకు ఒకే మొత్తం చెల్లించే ఏర్పాటు వచ్చింది. 2020 జులైలో ఈ మొత్తం 400 డాలర్ల నుంచి 500 డాలర్లకు పెరిగింది.

వారం గడిచే విధం

మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. ఇద్దరిద్దరుగా జతకట్టి, ఒకరి కనుచూపులో ఒకరు ఉంటూ పనిచేయాలి. సాధారణంగా ఆరు వారాలకోసారి బదిలీలు ఉంటాయి. అప్పుడు ఊరైనా మారవచ్చు, జతగాడైనా మారవచ్చు. యువకులను ‘ఎల్డర్’ అనీ, యువతులను ‘సిస్టర్’ అనీ ఇంటిపేరుతో కలిపి పిలుస్తారు. ఛాతీ మీద నల్లని పేరుపట్టీ వీరి గుర్తు.

వారంలో ఒకరోజు, చాలాచోట్ల సోమవారం, సిద్ధపాటు దినం. బట్టలు ఉతుక్కోవడం, గది శుభ్రం చేసుకోవడం, సరుకులు తెచ్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం అన్నీ ఆ రోజే. సాయంత్రానికి మళ్లీ బోధ మొదలవుతుంది. ఇంటికి ఉత్తరం రాసేదీ ఆ రోజే. ఒకప్పుడు కాగితం మీద రాసేవారు, తర్వాత ఈమెయిల్ వచ్చింది. ఫోన్‌లో మాట్లాడే అవకాశం మాత్రం చాలాకాలం క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ పరిమితం. 2019 ఫిబ్రవరిలో ఆ నియమాన్ని సడలించి, ప్రతి వారం ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో కుటుంబంతో మాట్లాడనిచ్చారు. నెలల తరబడి బిడ్డ గొంతు వినని తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట.

మిగతా రోజుల్లో ఉదయం ఆరున్నరకు లేచి, వ్యాయామం, స్నానం, అల్పాహారం ముగించి గ్రంథ పఠనానికి కూర్చోవాలి. మొదట ఎవరికి వారు, తర్వాత జతగా చదవాలి. పరభాషా ప్రాంతంలో ఉంటే భాషాభ్యాసం అదనం. ఆ తర్వాత రాత్రి తొమ్మిది దాకా బోధ, పరామర్శ, సేవ. పదిన్నరకు నిద్ర. స్థానిక పరిస్థితులను బట్టి వేళలు మార్చుకునే వెసులుబాటు 2017లో వచ్చింది. ఇంటింటి తలుపు తట్టే పని ఇప్పుడు బాగా తగ్గి, సభ్యుల పరిచయాలూ సామాజిక మాధ్యమాలూ ఆ చోటును ఆక్రమించాయి. బోధకు ఆధారం 2004లో వెలువడిన మార్గదర్శక గ్రంథం. కంఠస్థ పాఠాలను అప్పజెప్పే పాత పద్ధతికి అది స్వస్తి చెప్పింది.

వారంలో ఒకసారి చుట్టుపక్కల మిషనరీలంతా సమావేశమై అనుభవాలు పంచుకుంటారు. ఆదివారం ఆరాధనలో రొట్టె, నీళ్లతో సంస్కారం తీసుకుంటారు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటల భోజనం మాని ఉపవాసం ఉండి, ఆ భోజనానికయ్యే సొమ్మును పేదలకు కానుకగా ఇస్తారు. మద్యం, పొగాకుతో పాటు టీ, కాఫీ కూడా వీరికి నిషిద్ధం.

సేవ

ప్రతి వారం కొన్ని గంటలు బోధతో ముడిపడని సాయానికి కేటాయించాలి. వృద్ధుల పెరడు శుభ్రం చేయడం, ఇల్లు మారేవారి సామాను మోయడం, వరద వచ్చిన ఇళ్లలో బురద ఎత్తిపోయడం, ఉచితంగా ఇంగ్లీషు తరగతులు నడపడం ఈ కోవలోని పనులు. ఆరోగ్య కారణాల వల్ల దూర ప్రాంతాలకు వెళ్లలేని యువతీయువకులు ఇంటి దగ్గరే ఉండి ఆహార నిల్వ కేంద్రాల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ సేవా మిషనరీలుగా పనిచేస్తారు. బోధ వినడానికి ఇష్టపడని పొరుగువారు సైతం వీరిని ఆదరించడానికి ఈ చాకిరీయే ముఖ్య కారణం.

విమర్శలు

బాప్తిస్మాల సంఖ్యే గీటురాయి అయినచోట తప్పులు జరిగాయి. 1960ల తొలినాళ్లలో బ్రిటన్‌లో బేస్‌బాల్ ఆటలతో పిల్లలను ఆకర్షించి, సరైన అవగాహన లేకుండానే బాప్తిస్మాలిచ్చిన తీరును సంఘ చరిత్రకారులే విమర్శించారు. ఇంటి మీద బెంగ, నిరంతర తిరస్కారం, కఠిన నియమాలు కలిసి మానసిక ఒత్తిడికి దారితీస్తాయన్నది మరో విమర్శ. గడువుకు ముందే తిరిగివచ్చినవారిని కొన్నిచోట్ల చిన్నచూపు చూస్తారన్న ఆవేదనా ఉంది. వారపు ఫోన్ కాల్స్, వేళల సడలింపు, ఇంటి దగ్గరి సేవకు సమాన గుర్తింపు వంటివి ఈ ఒత్తిడిని తగ్గించిన మార్పులు. వాటి అవసరం ఎప్పటినుంచో ఉంది.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

1851లో బ్రిటన్ నుంచి జోసెఫ్ రిచర్డ్స్ కలకత్తా చేరడంతో భారతదేశంలో ఈ సంఘ ప్రచారం మొదలైంది. 1853లో యూటా నుంచి వచ్చిన బృందంలోని రిచర్డ్ బాలంటైన్ మద్రాసులో బోధించాడు. సంఘంలో చేరినవారు ఎక్కువగా ఐరోపావాసులే. కొన్నేళ్లకే మిషనరీలు వెనుదిరిగారు.

తెలుగు నేలపై సంఘం నిలదొక్కుకున్నది స్థానికుల ద్వారానే. సమోవాలో ఉంటూ సంఘంలో చేరిన హైదరాబాదీ దంపతులు 1978 డిసెంబరులో మిషనరీలుగా సొంత ఊరికి వచ్చి, తమ బంధువులకే బోధించారు. 1980లలో మోర్మన్ గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు తెలుగులో వెలువడ్డాయి. 1993లో బెంగళూరు కేంద్రంగా ‘మిషన్’ అనే మిషనరీల ప్రాంతీయ విభాగం ఏర్పడింది. హైదరాబాద్‌తో పాటు విశాఖపట్నం, రాజమహేంద్రవరంలోనూ సంఘ సమాజాలు వెలిశాయి. అనేక స్థానిక సమాజాలను కలిపే ‘స్టేక్’ అనే విభాగం భారతదేశంలో మొట్టమొదట 2012 మే 27న హైదరాబాద్‌లోనే ఏర్పడింది.