పర్యాయపదాల తేడా తేల్చిన ఆంగ్ల గ్రంథాలు

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక రాజాస్థానంలో ఫ్రెంచి పాతుకుపోవడం, చర్చిలోనూ చదువుల్లోనూ లాటిన్ కొనసాగడం, సామాన్యుల నోట పాత ఆంగ్లమే నిలవడం వల్ల ఆ భాషలో పెక్కు భావాలకు రెండేసి, మూడేసి మాటలు చేరాయి. రాచరికానికి సంబంధించిన మాటల్లో ‘కింగ్లీ’ దేశీయం, ‘రాయల్’ ఫ్రెంచి నుంచి, ‘రీగల్’ లాటిన్ నుంచి వచ్చినవి; అయినా రాజకుటుంబానికీ రాజశాసనానికీ ‘రాయల్’ స్థిరపడగా, రాజుకు తగిన గుణానికి ‘కింగ్లీ’, రాజసం ఉట్టిపడే తీరుకు ‘రీగల్’ ఎక్కువగా నప్పుతాయి. ఇలా దగ్గరి అర్థాలున్న పర్యాయపదాల నడుమ మిగిలే సన్నని తేడాకే అర్థచ్ఛాయ అని పేరు.

ఈ ఛాయలను విడదీసి చూపే గ్రంథరచనకు 1718లో ఫ్రాన్సులో అబే గిరార్ బాట వేయగా, 1766లో జాన్ ట్రస్లర్ ఆయన పద్ధతినే ఆంగ్లానికి తెచ్చాడు. సొంత చూపుతో ఆ పని చేసినది మాత్రం హెస్టర్ లించ్ పియోజీ. నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్‌కు ఏళ్ల తరబడి ఆతిథ్యమిచ్చి, ఇటలీ సంగీతకారుణ్ణి రెండో పెళ్లి చేసుకున్నందుకు ఆయన స్నేహానికే దూరమైన ఈమె, 1794లో ‘బ్రిటిష్ సినానమీ’ని రెండు సంపుటాలుగా ప్రకటించింది. ఆంగ్ల సాహిత్యాన్ని శ్రద్ధగా చదువుకున్న విదేశీ మిత్రులకు దాన్ని అంకితమిచ్చి, ఏ మాట ఎక్కడ పొసగుతుందో తేల్చడానికి వ్యాకరణ సూత్రాల కన్నా నలుగురు కూర్చుని మాట్లాడుకునే తీరునే ప్రమాణంగా తీసుకుంది. పరాయి భాష నేర్చేవాడు తడబడేది సరిగ్గా అక్కడే కనుక, తరువాతి పండితుల గ్రంథాల కన్నా ఈ పుస్తకానికే ఎక్కువ గౌరవం దక్కవలసింది.

1816లో జార్జ్ క్రాబ్ రాసిన పెద్ద గ్రంథం చాలాకాలం చెలామణి అయింది. అయితే 1852లో వైద్యుడు పీటర్ మార్క్ రోజే వెలువరించిన థెసారస్, అంటే భావాలవారీగా కూర్చిన పదకోశం, దారి మార్చింది. వెయ్యి శీర్షికల కింద మాటలను పేర్చిన రోజే, వాటి తేడాలను వివరించడం తన పని కాదని ముందే చెప్పుకున్నాడు. ఇలాంటి కూర్పుల్లో ప్రాచీనమైనదిగా ఆయన తన పీఠికలో పేర్కొన్నది సంస్కృత పదకోశమైన అమరకోశాన్ని. ఆంగ్లేయ సంస్కృత పండితుడు కోల్‌బ్రూక్ ఆంగ్లానువాదంతో అది 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. తెలుగునాట పూర్వం పిల్లల చేత వల్లె వేయించినదీ ఆ అమరమే.

థెసారస్ ప్రాచుర్యంతో, పక్కపక్కన ఉన్న మాటలన్నీ ఒకటేనన్న భ్రమ వ్యాపించింది. అది రోజే తప్పు కాదు, ఆయన హెచ్చరికను చదవనివారి తప్పు. 1942లో అమెరికాలో మెరియం సంస్థ ప్రచురించిన వెబ్‌స్టర్ పర్యాయపద నిఘంటువు, మాటల తేడాలను ఉదాహరణలతో వివరించే పాత పద్ధతికే తిరిగి వచ్చింది.