కొరియా గాయకబృందములు – వాని భావికాలము

దక్షిణకొరియా దేశమున బాలబాలికలను చేర్చుకొని, ఆటపాటలయందు ఏండ్లతరబడి తరిఫీదొసగి, బృందములుగా రంగమెక్కించు సంస్థలు కలవు. ఆ సంగీతమునకు కే-పాప్ అనియు, ఆ బృందములకు ఐడల్ బృందములనియు పేరు.

1995లో లీ సూమాన్ స్థాపించిన ఎస్.ఎమ్. సంస్థ, మరుసటి యేట హెచ్.ఓ.టి. యను ఐదుగురు యువకుల బృందమును వెలయించెను. నాటినుండి ఈ పద్ధతి స్థిరపడెను.

ఇది చూచుటకు గురుకులవాసమువంటిది. కాని గురుకులమున విద్య ముగిసిన శిష్యుడు స్వతంత్రుడగును. ఇచ్చట ఒడంబడిక విడువదు. 2009లో టి.వి.ఎక్స్.క్యూ. బృందమునందలి మువ్వురు, తమ 13 ఏండ్ల ఒడంబడిక అన్యాయమని న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ యేటనే ప్రభుత్వమువారి వాణిజ్యసంఘము మాదిరి ఒడంబడిక నొకదానిని ప్రకటించి, ఏడేండ్లను పరిమితిగా నుంచెను. అందుచే ఏడవయేడు పెక్కు బృందములకు గండమైనది.

2013లో రంగమెక్కిన బి.టి.ఎస్. బృందము ఆ గండము గడచెను. 2018లో, గడువు తీరకముందే, ఒడంబడికను మరల కుదుర్చుకొని, 2020లో అమెరికా బిల్‌బోర్డు పట్టికలో ప్రథమస్థానమందెను. ఆ యేడుగురును 2022 మొదలు నిర్బంధ దేశసేవకు పోయి, 2025లో ముగించిరి.

కావున ఈ బృందముల భావికాలము క్రొత్తపాటలకంటె ఒడంబడికలందలి ధర్మముపై ఆధారపడియున్నది. పాలేరు కడుపు మాడినచో, పైరెంత పచ్చగానున్నను సేద్యము చిరకాలము సాగదు. ఇది మీరెరుగని మాట కాదు.