ఎన్‌క్రిప్షన్: ప్రత్యేక చిప్పులు, సాధారణ ప్రాసెసర్లు

సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ పనిని కంప్యూటర్‌లోని మామూలు ప్రాసెసరు చేయాలా, అందుకోసమే తయారైన చిప్పు చేయాలా అన్నది 1970ల నుంచి నడుస్తున్న చర్చ. తిరుపతి జిల్లా చిట్టమూరు మండలంలోని రేషన్ షాపులకూ దీనితో నేరుగా సంబంధముంది.

1977లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా స్వీకరించిన డెస్ పద్ధతి చిప్పులకు అనువైనది. దాని మొదటి మెట్టులోనే 64 బిట్ల స్థానాలు తారుమారవుతాయి. చిప్పులో అయితే తీగలను ఆ వరుసకు తగ్గట్టు కలిపితే చాలు, లెక్కించేదేమీ ఉండదు. మామూలు ప్రాసెసరు మాత్రం బిట్లను విడదీసి, జరిపి, మళ్లీ పేర్చాలి. అందుకే డెస్‌ను ఛేదించడానికీ చిప్పులే అనువుగా నిలిచాయి. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 1,800కు పైగా ప్రత్యేక చిప్పులతో కట్టిన యంత్రం 56 గంటల్లో తాళంచెవిని, అంటే సందేశాన్ని విప్పే రహస్య సంఖ్యను, పట్టేసింది. దానికైన ఖర్చు రెండున్నర లక్షల డాలర్ల లోపే.

2001లో డెస్ స్థానంలోకి వచ్చిన ఏఈఎస్ బైట్లతో పనిచేస్తుంది. ముందే లెక్కగట్టిన పట్టికలతో మామూలు ప్రాసెసర్ల మీదా చకచకా నడిచింది. కానీ పట్టికలో ఏ గడిని చదివామన్న దాన్నిబట్టి పట్టే సమయం మారుతుంది. ఆ తేడాను కొలిచి తాళంచెవిని రాబట్టవచ్చని 2005లో గూఢలిపి నిపుణుడు డేనియల్ బెర్న్‌స్టీన్ చూపాడు. 2010 నుంచి ఇంటెల్ తన ప్రాసెసర్లలోనే ఏఈఎస్ ఆదేశాలను చేర్చింది. పట్టికల అవసరం తప్పి, వేగమూ పెరిగింది. తర్వాత ఆర్మ్ ప్రాసెసర్లకూ ఆ సదుపాయం వచ్చింది. వేగం కోసం వేరే చిప్పు కొనాల్సిన పని చాలాచోట్ల లేకుండా పోయింది.

అయినా ప్రత్యేక హార్డ్‌వేర్ నిలిచింది. కారణం తాళంచెవి భద్రత. మామూలు ప్రాసెసరులో ఇతర ప్రోగ్రాములూ నడుస్తాయి. వాటిలో ఒకటి చెడ్డదైతే తాళంచెవి చేజారవచ్చు. బ్యాంకులు ఏటీఎం పిన్నులను సరిచూసే తాళంచెవులను 1970ల నుంచే విడి పెట్టెల్లో ఉంచుతున్నది ఇందుకే.

ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లోకి 2015లో ఆధార్‌తో వేలిముద్రను సరిచూసే ఈపాస్ మిషన్లు వచ్చాయి. కార్డుదారు వేలు పెట్టగానే ముద్ర వివరాలకు ఆ ఒక్కసారికే పుట్టించిన 256 బిట్ల ఏఈఎస్ తాళం పడుతుంది. ఆ తాళంచెవిని ఆధార్ సంస్థ ఆర్‌ఎస్‌ఏ బహిరంగ తాళంచెవితో మూసి, రెండింటినీ కలిపి పంపుతారు. ఈ పని ఎక్కడ జరగాలన్నదే ఎల్ జీరో, ఎల్ వన్ అనే రెండు స్థాయిల వేలిముద్ర పరికరాల మధ్య తేడా. ఎల్ జీరోలో స్కానరును తగిలించిన యంత్రపు సాఫ్ట్‌వేరే తాళం వేస్తుంది. ఎల్ వన్‌లో మిగతా ప్రోగ్రాములు చొరబడలేని రక్షిత భాగంలో తాళం పడుతుంది, పరికరం సంతకానికి వాడే రహస్య తాళంచెవీ అందులోనే ఉంటుంది. ప్రతి షాపులోని యంత్రాన్నీ ఎవరూ కాపలా కాయలేరు కాబట్టి ఎల్ వన్‌కు మారడమే సరైన నిర్ణయం.

స్కానరు మీద పెట్టిన వేలు అసలుదేనా అన్నది మాత్రం ఎన్‌క్రిప్షన్ తేల్చలేదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఆన్‌లైన్‌లో దొరికిన భూమి రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి ముద్రలు తీసి, నకిలీవి చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. 2023లో ఆధార్ సంస్థ ముద్రలోని గీతల బిందువులతో పాటు వేలి చిత్రాన్నీ పరిశీలించి నకిలీని పట్టే పద్ధతిని ప్రవేశపెట్టింది. కూలిపనితో గీతలు అరిగిన వేళ్ల కష్టం దీనికంటే వేరు. అక్కడ ముద్రే సరిగా పడదు, తాళం ఎక్కడ వేసినా ఆ మనిషికి ఒరిగేదేమీ లేదు.