వీథిబడి పంతులు

1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర తన జిల్లాలోని 533 బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదిక, వానిలో 226 తెలుగు బడులే యగుటచేత, మన వీథిబడి పంతులు దినచర్యను కన్నులకు గట్టినట్లు చూపును. ఉదయము ఆరు గంటలకు బడి. అందఱికంటె ముందు వచ్చినవాని యరచేత సరస్వతీ నామము వ్రాయబడుచుండెను, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగా నొక బెత్తపుదెబ్బ, నాలుగవవానికి రెండు, ఇట్లు వెనుకబడినకొలది దెబ్బలు పెరుగుచుండెను. చిన్నవాండ్రు ఇసుకపై వ్రేలితో నక్షరములు దిద్దుచుండ, పై తరగతివాండ్రు క్రిందివారికి పాఠము చెప్పుచుండిరి. ఈ రీతినే అంతకు ముందు మద్రాసు ఎగ్మూరు అనాథశరణాలయములో ఆండ్రూ బెల్ పాదరి అనుసరించి, 1797లో ఆంగ్లేయులకు గ్రంథరూపమున తెలిపెను. మన పంతులు నేర్పినదే వారికి నూతనవిధానమయ్యెను! అయినను క్యాంబెల్ ఒక లోపమును దాచలేదు: గ్రాంథిక పద్యములను వల్లెవేయించు గురువునకే తరచుగా వాని యర్థము తెలియకుండెను.

ఈ పంతులును తయారుచేసిన విద్యాలయ మేదియు లేదు. తాను చదివిన బడియే ఆతని శిక్షణశాల. పిల్లల తలిదండ్రులిచ్చు నెలజీతమును, దసరాలలో బాలురు ఇంటింట తిరిగి తెచ్చు కానుకలును ఆతని జీవనాధారములు. నెలకు ఆఱేడు రూపాయలు మించని యా రాబడికి సమర్థులు రారని 1826లో గవర్నరు మన్రో గ్రహించి, గురువులను తయారుచేయుటకు మద్రాసులో నొక పాఠశాలయు, జిల్లా బడి పంతులుకు 15 రూపాయలు, తహశీలు బడి పంతులుకు 9 రూపాయలు జీతమును ఏర్పఱుపవలెనని ప్రతిపాదించెను. మఱుసటియేడే పత్తికొండలో ఆయన మరణించెను. ఆ ప్రతిపాదనపై వెలసిన తహశీలు బడులు 1836లో ఎత్తివేయబడెను.

1856లో మద్రాసున గురువులకు శిక్షణనిచ్చు నార్మల్ పాఠశాల వెలసి, పాఠము చెప్పుట నేర్చుకొనదగిన విద్యయని స్థాపించినది. కాని దానివెంట ఫలితములను బట్టి గ్రాంటునిచ్చు పద్ధతియు వచ్చెను. బాలుడు పరీక్షలో నెగ్గినచో గ్రాంటు దక్కును, లేనిచో లేదు. అట్టిచోట పంతులు, ఎంత శిక్షణ పొందినవాడైనను, ఇన్‌స్పెక్టరు అడుగబోవు ప్రశ్నలనే రాత్రింబవళ్లు వల్లింపజేయక యేమిచేయగలడు? శిక్షణశాలలో అర్థము వివరింపుమని నేర్పిరి. బడిలో అప్పగింపునకే ధనము నిచ్చిరి. 1904 నాటి విద్యాతీర్మానమున భారతప్రభుత్వము ఆ పద్ధతిని త్రోసివేసినది గాని, అప్పటికే బట్టీ పంతులుకు వృత్తిధర్మమై కూర్చుండెను. ఆ నేరము పంతులుది కాదు, ఆతని కూటిని పరీక్షకు ముడివేసినవారిది.