మనిషైన దేవుడూ, మనిషి కానివ్వని ఊరూ

దేవుడు మనిషిగా పుట్టాడన్న క్రైస్తవ సిద్ధాంతం గురించి మన అభ్యుదయ వర్గాల్లో చర్చ వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. ఇది మన అవతారవాదం లాంటిదే, పేరు మారిందంతే అనేది మొదటిది. దళితులు సిద్ధాంతం చూసి మతం మారలేదు, కరువులో గంజి కోసం మారారు అనేది రెండోది. ఈ రెండూ సగం సత్యాలేనని నా వాదం. అందుకు నెల్లూరు జిల్లా పడమటి సీమను, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందు మొదటి మాట చూద్దాం. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఉదయగిరి దుర్గాన్ని పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. హంపీలో ఆ గుడి నేటికీ ఉంది. గొల్లల ఇంట పెరిగిన దేవుడు రాజుల యుద్ధంలో విజయచిహ్నమయ్యాడు. పశువుల్ని కాసిన ఆ దేవుడి గుడిలోకి, చచ్చిన పశువు తోలు ఒలిచేవాడికి ప్రవేశం లేకపోయింది.

అవతారవాదంలో దేవుడు దుష్టశిక్షణ కోసం యుగయుగానా దిగివస్తాడు, పని ముగిశాక వెళ్ళిపోతాడు. క్రైస్తవ సిద్ధాంతం అలా కాదు. దేవుడు ఒక్కసారే, రోమన్ ఏలుబడిలోని పాలస్తీనాలో, ఒక వడ్రంగి ఇంట పుట్టాడంటుంది. ఆ శరీరం ఉత్త భ్రాంతి అన్నవాళ్ళను చర్చి తొలి శతాబ్దాల్లోనే తోసిపుచ్చింది. క్రీస్తు పూర్తిగా దేవుడూ, పూర్తిగా మనిషీ అని 451లో కాల్సిడాన్ సభ ఖాయపరిచింది. అంటే ఆకలి, చెమట, నొప్పి, చావు అన్నీ నిజమేనన్న మాట. ఆ చావు కూడా రోమన్లు బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసే సిలువ శిక్ష. ఈ భేదం చిన్నది కాదు.

అయితే ఈ సిద్ధాంతమూ సింహాసనం పక్కన కూర్చున్నదే. 325లో నికేయా సభను పిలిపించింది సాక్షాత్తూ కాన్‌స్టంటైన్ చక్రవర్తి. కనక ఒక సిద్ధాంతంలో ఏముందో చూస్తే చాలదు. అది ఎవరి చేతికి వచ్చింది, వాళ్ళు దానితో ఏం చేశారు అన్నదే చరిత్రకారుడి ప్రశ్న.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. తర్వాత పాతికేళ్ళపాటు ఫలితం బహు స్వల్పం. అమెరికాలోని పెద్దలు ఈ మిషన్ మూసేద్దామని కూడా ఆలోచించారు. సిద్ధాంతం అప్పుడూ ఇదే గదా! మరి మార్పెక్కడ వచ్చింది? 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వర్తకం చేసినవాడు, రాజయోగ సాధన ఎరిగినవాడు. దేహమే దేవుడి ఇల్లన్న మాట అతనికి కొత్త కాదు. దేవుడే శ్రామికుడి దేహం తొడిగాడన్నది కొత్త. ఒంగోలులో జాన్ క్లౌ మాదిగలను చేర్చుకోగానే అగ్రకులాల పిల్లలు బడి మానేశారు. ఆయన మాదిగలనే ఎంచుకున్నాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే.

చేరేవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. పైకి ఇవి మత నియమాలు. ఊళ్ళో వీటి అర్థం వేరు. ఆదివారం పని మానడమంటే ఆసామి కేకకు పలకకపోవడం. చచ్చిన గొడ్డును వద్దనడమంటే వెట్టికి కూలిగా విదిల్చినదాన్ని తిరస్కరించడం. మొక్కకపోవడమంటే జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. పెత్తందార్లకు ఇది వెంటనే అర్థమయింది. దెబ్బలు పడ్డాయి, నీళ్ళు కట్టడి అయ్యాయి.

ఇక గంజి సంగతి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కాని కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి కోసమే అయితే ఈ క్రమం తలకిందులుగా ఉండాలి. అలాగని ఇది మిషనరీలు చెప్పే అద్భుతమూ కాదు. కూలితో కలిసి గౌరవం దొరికినచోట జనం నమ్మకం కుదిరింది. అన్నాన్నీ ఆత్మగౌరవాన్నీ విడదీసి చూడటం భౌతికవాదం కాదు.

ఈ ఉద్యమం వెనకే 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో మిషన్ కేంద్రాలు వెలిశాయి. గుడి గడప ఎక్కనివ్వని సీమలో, మాదిగ దేహం దేవుడికి పనికొచ్చే దేహమేనని చెప్పే చోటు ఒకటి ఏర్పడింది. పలక, పుస్తకం దానితోనే వచ్చాయి.

అయినా భూమి జోలికి మిషన్ పోలేదు; బ్రిటిష్ పాలనను ప్రశ్నించలేదు. పాలేరు బాప్తిస్మం పొందిన పాలేరుగానే మిగిలాడు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో నరకబడ్డ దళితుల్లో క్రైస్తవులున్నారు. నరికినవాళ్ళు ఏ మతమని అడగలేదు. చట్టం మాత్రం అడిగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రలో క్రైస్తవ దళితులను వెనుకబడిన తరగతుల సి గ్రూపులో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఊరి దృష్టిలో మాదిగ, కాగితం మీద కాదు!

1941లో ‘గబ్బిలం’ రాసిన జాషువాకే ‘క్రీస్తు చరిత్ర’ మీద 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గుడి బయట నిలబెట్టబడిన మనిషీ, మనిషైన దేవుడూ ఒకే కవికి వస్తువులు కావడం యాదృచ్ఛికం కాదు.

దేవుడు మనిషయ్యాడని నమ్మాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. నాకా నమ్మకం లేదు. కాని తమను మనుషులుగా గుర్తించమనే హక్కుకు ఆ మాటను పనిముట్టుగా వాడుకున్నవాళ్ళ చరిత్రను మతమౌఢ్యం కింద జమకట్టే అధికారం మనకు లేదు. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లోని మాదిగపాలేల వృద్ధుల జ్ఞాపకాలను మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఇప్పుడే వెళ్ళి రాసుకోవాలి. బాలకృష్ణుడి తరలింపుకు శాసనం ఉంది. వాళ్ళ పోరాటానికి శాసనం వేయించినవారు లేరు.